లేని మేనత్త పంపిన డబ్బు

ఊరంతా "చూశావా బాబాయి" అని పిలిచే ఆయనకి ఉన్నది ఒకటే జబ్బు. కళ్ళతో చూడనిదేదీ నమ్మడు.

"బయట వాన పడుతోంది బాబాయ్" అంటే "చూశావా?" అంటాడు. చెప్పినవాళ్ళు తడిసి ముద్దయి ఎదురుగా నిలబడ్డా సరే, కిటికీ దాకా నడిచి, చెయ్యి బయటికి చాపి, ఆ తడి చేతిని మళ్ళీ కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసిగానీ గొడుగు తీయడు. ఒకసారి పై వాటా ఆయన ఆస్పత్రి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి "కొడుకు పుట్టాడండీ!" అని మెట్ల మీద నుంచే కేకేశాడు. అందరూ చేతులు పట్టుకుని ఊపేస్తుంటే ఈయన మాత్రం "తమరు చూశారా?" అని అడిగాడు.

"తండ్రినండీ నేను!" అన్నాడాయన ఉక్రోషంగా.

"అది తరవాతి సంగతి. చూశారా, లేదా?"

ఆ పిల్లాడు ఇప్పుడు బడికి వెళుతున్నాడు. వాళ్ళ నాన్న ఇంకా బాబాయితో మాట్లాడడు.

ఈ జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగంతో అంటుకుంది. బాబాయి ఒక బీమా కంపెనీలో ముప్ఫై ఒక్కేళ్ళు చిరునామాలు తనిఖీ చేశాడు. ఎవరైనా కాగితం మీద ఫలానా వీధి, ఫలానా ఇల్లు అని రాస్తే, ఆ ఇల్లు నిజంగా ఉందో లేదో వెళ్ళి చూసి రావాలి. అంతే పని. అందుకోసం ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకున్నాడు. ప్రతి పేజీకీ నడిమధ్య నిలువుగా ఒక గీత. ఎడమవైపు "విన్నది", కుడివైపు "చూసింది". లోకంలో ప్రతి సంగతీ ముందు ఎడమవైపు పడాల్సిందే. ఆయన వెళ్ళి చూసి వచ్చాకే కుడివైపుకి చేరుతుంది. రిటైరయ్యాడు గానీ పుస్తకం రిటైర్ కాలేదు. పైగా ఇప్పుడు తీరిక ఎక్కువైంది కాబట్టి, కంపెనీకి చేసిన సేవ ఊరందరికీ ఉచితంగా చేస్తున్నాడు. ఎవరూ అడగకుండానే.

వీధి చివర రొట్టెల కొట్టు బోర్డు మీద "1950 నుంచి" అని ఉండేది. బాబాయి లోపలికి వెళ్ళి "చూశారా?" అన్నాడు. "మా తాతగారి రోజుల్నించీ ఉందండీ" అన్నాడు కొట్టాయన. బాబాయి ఊరుకుంటాడా? మునిసిపల్ ఆఫీసుకి మూడు రోజులు తిరిగి, ఆ భవనం కట్టిందే 1987లో అని పట్టుకొచ్చాడు. అప్పట్నించీ బోర్డు మీద "చాలా ఏళ్ళ నుంచి" అని ఉంది. ఈయన కొట్టు ముందు నుంచి వెళుతుంటే కొట్టాయన రొట్టె కోసే కత్తి గట్టిగా పదును పెట్టుకుంటాడు.

అయితే ఒక్కోసారి ఆ జబ్బు పనికొచ్చేది కూడా. ఆఫీసులో పాత స్నేహితుడు ఒకాయన పోయాడని కబురొస్తే, మిగతావాళ్ళంతా కలిసి పూలదండ కొని, సంతాప సభకి హాలు కూడా మాట్లాడేశారు. ఈయన ఒక్కడే "చూశారా?" అనుకుంటూ వెళ్ళి తలుపు కొట్టాడు. తలుపు తీసింది పోయినాయనే. ఇద్దరూ కూర్చుని కాఫీ తాగారు. హాలుకి కట్టిన బయానా వెనక్కి రాలేదని మిగతా స్నేహితులు మాత్రం ఆ బతికున్నాయన మీద చాలాకాలం గుర్రుగా ఉన్నారు.

ఇలాంటి మనిషిని సొంత బాబాయిగా పొందిన అదృష్టం అమ్మడిది. ఇరవై తొమ్మిదేళ్ళొచ్చినా ఇంట్లో ఆమె అమ్మడే. తండ్రి పోయాక తల్లీ కూతుళ్ళు రెండో అంతస్తులో ఒక వాటాలో ఉంటున్నారు, ఎదురు గదిలో బాబాయి. అమ్మడు కళ్ళజోళ్ళ షాపులో ఆరేళ్ళు గల్లాపెట్టె దగ్గర పనిచేసింది. ఆ షాపు కాస్తా మూతపడి నాలుగు నెలలైంది. అర్జీలు పెట్టి పెట్టి వేలు అరిగిపోయింది గానీ జవాబు రాలేదు. వాళ్ళమ్మ పైకి ఏమీ అనేది కాదు. కాకపోతే గిన్నెలు తోమేటప్పుడు చప్పుడు కాస్త పెరిగింది.

అలాంటి సమయంలో ఒక బుధవారం పొద్దున్న ఫోన్లోకి ఉద్యోగం వచ్చి పడింది. ఇంట్లో కూర్చుని రోజుకి రెండు గంటల పని. షాపులో ఇచ్చినదానికి మూడింతల జీతం.

అమ్మకి ఆనందం పట్టలేదు. అరగంటలో నాలుగు అంతస్తులకీ చాక్లెట్లు పంచి వచ్చింది. కింద మందుల షాపావిడకి రెండిచ్చింది. రొట్టెల కొట్టాయనకి వద్దన్నా ఇచ్చింది. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మొదటి జీతంతో కొనబోయే బట్టలుతికే యంత్రం ఏ మూల పెట్టాలో కూడా అప్పుడే కొలుచుకుంది.

అంతలో ఎదురు గది తలుపు తెరుచుకుంది.

"ఏమయ్యా, అమ్మడికి ఉద్యోగం వచ్చింది. ఈ ఒక్కరోజుకీ నీ నోరు కట్టిపెట్టుకో" అంది అమ్మ ముందు జాగ్రత్తగా.

బాబాయి చాక్లెట్ తీసుకున్నాడు. కాగితం విప్పి, లోపల చాక్లెట్ ఉందో లేదో చూసి, నోట్లో వేసుకున్నాడు. ఆ తరవాత అమ్మడి వైపు తిరిగాడు.

"ఆఫీసు చూశావా?"

"ఇంటి నుంచే పని బాబాయ్. ఆఫీసుతో పనేముంది?"

"పోనీ, ఉద్యోగం ఇచ్చినవాళ్ళని చూశావా?"

"ఒక మేడమ్ ఉంది. ఫోన్లో మెసేజీలతోనే ఇంటర్వ్యూ చేసింది. పదకొండు నిమిషాలు."

"గొంతు విన్నావా?"

"లేదు."

"ఏం అడిగింది?"

అమ్మడు కాస్త నీళ్ళు నమిలింది. "పేరు, వయసు... బ్యాంకు ఖాతా నంబరు. రోజుకి ఎంత పంపడానికి వీలుందో అది."

"నీకేం పని వచ్చో అడగలేదా?"

"లేదు గానీ, 'మీ ప్రతిభ మమ్మల్ని అబ్బురపరిచింది' అని రాసింది."

"ఏ ప్రతిభ చూసింది తల్లీ? నంబరు తప్పు లేకుండా కొట్టావనా?"

అమ్మడికి ఒళ్ళు మండింది. నాలుగు నెలల తరవాత ఎవరో ఒకరు తనని కావాలనుకుంటే, ఆ ఒక్క మంచి మాటని కూడా ఈయన గీతకి ఎడమవైపు పడేస్తున్నాడు. పైగా పనేమిటని అడిగాడు. కంపెనీకి కస్టమర్లు కట్టే డబ్బు తన ఖాతాలోకి వస్తుంది, నూటికి ఎనిమిది తను ఉంచుకుని, మిగతాది వాళ్ళు చెప్పిన ఖాతాకి పంపాలి అని చెప్పింది.

"అంత పెద్ద కంపెనీకి సొంత ఖాతా లేదా?" అన్నాడు బాబాయి. "నీ చేత్తో ఎందుకు ముట్టించడం?"

"బాబాయ్, నీకు దణ్ణం పెడతాను. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, బాగుందమ్మా అనరాదా?"

ఆయన ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. "ఉద్యోగం ఇచ్చామని వాళ్ళు పంపిన ఉత్తరంలో చిరునామా ఉంటుందిగా, అది రాసివ్వు" అన్నాడు మెల్లగా.

వదిలించుకుంటే చాలనుకుని అమ్మడు రాసిచ్చింది. మార్కెట్ రోడ్డు, ఏడో అంతస్తు. మర్నాడు పొద్దున్నే గొడుగు, నోటు పుస్తకం తీసుకుని బాబాయి బయల్దేరితే, తల్లీ కూతుళ్ళిద్దరూ హమ్మయ్య అనుకున్నారు. ఆయనకి ఎడమ మోకాలు వంగదు. రెండు బస్సులు మారి వెళ్ళి రావాలంటే సాయంత్రమవుతుందని లెక్క వేసుకున్నారు.

మధ్యాహ్నం మూడుంపావుకి అమ్మడి ఫోన్ టింగుమంది. ఖాతాలో లక్షా ఎనభై వేలు పడ్డాయి. అంత అంకె తన ఖాతాలో ఆమె ఎప్పుడూ చూడలేదు. వెంటనే మేడమ్ మెసేజి కూడా వచ్చింది. నాలుగు గంటల లోపు పంపేయాలి. ఆలస్యమైతే ఉద్యోగం ఉండదు.

"చూశావా? డబ్బే వచ్చింది! ఇంకేం చూపించాలట మీ బాబాయికి?" అంది అమ్మ.

పంపాల్సిన ఖాతా నంబరు ఎక్కించి, అంకె కొట్టి, చివరి మీట మీద వేలు పెట్టబోతుండగా మెట్ల మీద గొడుగు టకటకలాడింది. బాబాయి చొక్కా చెమటకి వీపు దాకా తడిసిపోయి ఉంది. గుమ్మం పట్టుకుని నిలబడి, ఆయాసపడుతూ, అరచెయ్యి మాత్రం ఆగమన్నట్టు చూపించాడు.

"నాలుగే" అన్నాడు కాసేపటికి.

"ఇంకా మూడున్నరే బాబాయ్."

"టైం కాదే పిచ్చిమొద్దూ! అంతస్తులు. ఆ భవనానికి ఉన్నవి నాలుగే. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కినట్టు ఏడో అంతస్తట! లిఫ్టు కూడా లేదు. అయినా ఎక్కాను. డాబా మీద నీళ్ళ ట్యాంకు ఉంది. ఒకావిడ దిళ్ళు ఆరేసుకుంటోంది. 'అమ్మా, ఏడో అంతస్తు ఎక్కడ?' అంటే, 'ఇంకో మూడు కట్టించి రండి, చూపిస్తాను' అంది."

అమ్మడి వేలు గాల్లోనే ఉండిపోయింది. "ఏదో అచ్చు తప్పయి ఉంటుంది" అంది, తనకే నమ్మకం లేని గొంతుతో. "డబ్బు నిజంగానే వచ్చింది కదా బాబాయ్!"

"ఎవరిచ్చారు?"

"కస్టమర్."

"చూశావా?"

అంతలో ఫోన్ మళ్ళీ టింగుమంది. బాబాయి చెయ్యి చాపితే ఇచ్చేసింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని పైకి చదివాడు. "త్వరగా పంపండి. బ్యాంకు వాళ్ళు ఎవరైనా అడిగితే, మీ మేనత్త ఇచ్చిన డబ్బు అని చెప్పండి."

చదివి, తలెత్తి, వదినగారి వైపు చూశాడు. తరవాత గోడ మీది అన్నగారి ఫోటో వైపు చూశాడు.

"వదినా, మా అమ్మకి మేమిద్దరం మగపిల్లలమే. నాకు తెలియకుండా నాకో అక్కో చెల్లెలో ఎక్కడ్నించి ఊడిపడింది? అరవై ఏడేళ్ళుగా ఆవిణ్ణి నేనొక్కసారీ చూడలేదే!"

ఆ ఇంట్లో ఎంతటి కొత్త సంగతినైనా నమ్మించవచ్చు గానీ, లేని ఆడబిడ్డని అమ్మ చేత ఒప్పించడం ఎవరి తరమూ కాదు.

"ఉన్న ఉద్యోగానికి లేని మేనత్త ఎందుకే తల్లీ?" అన్నాడు బాబాయి, ఈసారి వెటకారం లేకుండా. "మొదటిరోజే అబద్ధం చెప్పమంటున్నారంటే, జీతం ఇచ్చేది నీ పనికి కాదు. నీ పేరుకి. ఒక్కసారి వీడియోలో ముఖం చూపించమని అడుగు."

అమ్మడు మెసేజి పెట్టి అడిగింది. కెమెరా పాడైందని మేడమ్ జవాబిచ్చింది. "అయితే మీ ఆఫీసు డాబా మీది నీళ్ళ ట్యాంకు ఏ రంగులో ఉందో చెప్పమను" అన్నాడు బాబాయి. అదీ అడిగింది. ఈసారి జవాబు చాలా త్వరగా వచ్చింది. కంపెనీ డబ్బు కాజేస్తున్నారు, సాయంత్రంలోపు మీ ఇంటికి పోలీసులు వస్తారు అని.

అమ్మడు మళ్ళీ ఆ చివరి మీట కోసం వెతికింది. "పంపేస్తాను బాబాయ్. పంపేసి వదిలించుకుంటాను."

"పంపావంటే వదలదు, అంటుకుంటుంది. తిరిగి ఇచ్చేస్తున్నాననుకుని కూడా నీ చేత్తో ఎవరికీ పంపకు. పోలీసులు వస్తారని వాళ్ళు అంటున్నారుగా? వాళ్ళు వచ్చేదాకా ఎందుకు, మనమే వెళదాం. ముందు బ్యాంకు. చెప్పులేసుకో."

బ్యాంకులో అద్దాల వెనక కూర్చున్న ఆఫీసరమ్మ ఆ మెసేజీలన్నీ చదివి, ఫోన్ కింద పెట్టి, "పంపారా?" అని అడిగింది.

"లేదండీ."

"బతికారు. ఇది ఎవరి దగ్గరో కొట్టేసిన డబ్బమ్మా. దొంగ నేరుగా తన ఖాతాలో వేసుకుంటే దొరికిపోతాడు. అందుకని మీలాంటి నలుగురి ఖాతాల్లోంచి దాటిస్తాడు. పోలీసులు వెతుక్కుంటూ వస్తే కనిపించేది మీ పేరు. వాడి పేరు ఎవరికీ తెలియదు. ఇలా ఇరుక్కున్నవాళ్ళలో ఈ నెలలో మీరు తొమ్మిదో వారు." ఆవిడ ఖాతా ఆపించి, ఏదో రాసి, పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి ఈ మెసేజీలు ఒక్కటి కూడా చెరపకుండా చూపించమంది. అక్కడ ఫిర్యాదు రాసిచ్చేసరికి ఏడయింది.

ఇంటికి వస్తుంటే అమ్మడిని పోలీసుల కంటే చాక్లెట్లే ఎక్కువ భయపెట్టాయి. నాలుగు అంతస్తులూ తిన్నాయి. రేపు పొద్దున్న అందరూ అడుగుతారు. నిజం బయటపడితే గల్లాపెట్టె దగ్గర ఎవరు కూర్చోబెట్టుకుంటారు? దొంగ డబ్బు ఖాతాలో వేయించుకున్న పిల్ల అంటారు. లేదా ఇంత తెలివితక్కువదా అంటారు. రెండింటిలో ఏదన్నా సరే, ఉద్యోగం రాదు.

రేపటిదాకా కూడా ఆగలేదు. మెట్ల దగ్గరే మందుల షాపావిడ, రొట్టెల కొట్టాయన, పై వాటా ఆయన నిలబడి ఉన్నారు. బ్యాంకులో చూసినవాళ్ళు ఎవరో కబురు మోసేశారు.

"ఏమ్మా, పోలీస్ స్టేషన్‌కి వెళ్ళారట? ఆ ఉద్యోగం సంగతేనా?" అంది మందుల షాపావిడ.

అమ్మడు నోరు విప్పేలోపల బాబాయి గొడుగు ముందుకి చాపి అడ్డం నిలబడ్డాడు. ఆ తరవాత ఆయన చేసిన పని అమ్మడు ముందెన్నడూ చూడలేదు. మాట్లాడే ముందు గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

"ఆ ఉద్యోగం నేనే తెచ్చానండీ. అమ్మాయి వద్దంటే వినకుండా నేనే చేర్పించాను. ఆఫీసు చూడలేదు, మనిషిని చూడలేదు. పప్పులో కాలేశాను. ఇదేదో తేడాగా ఉందని పట్టుకుని ఆపింది అమ్మాయే."

ముందు రొట్టెల కొట్టాయన మొదలుపెట్టాడు. నవ్వంటే అలాంటిలాంటి నవ్వు కాదు, 1987 నుంచి దాచుకున్న నవ్వు. "చూశారా మాష్టారూ? అయ్యో, చూడలేదా!" అంటూ కడుపు పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. పై వాటా ఆయన కూడా, ఇన్నేళ్ళ మౌనవ్రతం పక్కనబెట్టి, "మా వాణ్ణి చూడాలంటే పైకి రండి, ఇప్పుడు చూపిస్తాను" అని ఒక చురక వేసి వెళ్ళాడు. వాళ్ళ తప్పేం లేదు. అంతకాలం నస భరించినవాళ్ళకి ఆ మాత్రం పండగ ఉండాలి.

గది తలుపు మూసుకున్నాక అమ్మడు ఆయన మీద విరుచుకుపడింది.

"ఎందుకు చెప్పావు ఆ అబద్ధం? వాళ్ళందరి ముందు నువ్వు..."

"నాకు నెల నెలా పెన్షన్ వస్తుంది. నన్నిక ఎవరూ ఇంటర్వ్యూకి పిలవరు" అన్నాడు బాబాయి మోకాలికి మందు రాసుకుంటూ. "మందుల షాపావిడ గల్లాపెట్టెకి మనిషిని వెతుకుతోంది. అది నేను చూశాను. వెళ్ళి అడుగు."

అమ్మ మరిదికి కాఫీ తెచ్చి ఇచ్చి, ఆయన కప్పులోకి తొంగిచూస్తుంటే, మొదటిసారిగా కోప్పడకుండా నిలబడింది.

అమ్మడికి సోమవారం నుంచి మందుల షాపులో పని దొరికింది. జీతం మూడింతలు కాదు, కళ్ళజోళ్ళ షాపులో ఇచ్చినదానికన్నా కాస్త తక్కువే. బాబాయి మొదటిరోజు వచ్చి, షాపుని రెండువైపులా చూసి, గల్లాపెట్టె మీద వేలితో కొట్టి, పుస్తకంలో రాసుకుని వెళ్ళిపోయాడు.

మూడు వారాల తరవాత పోలీస్ స్టేషన్ నుంచి కబురొచ్చింది, డబ్బు పోగొట్టుకున్న మనిషి సంతకానికి వస్తోంది, మీరూ రమ్మని. బెంచీ మీద ఒక సన్నటి ముసలావిడ చేతిసంచీని రెండు చేతులా పట్టుకుని కూర్చుని ఉంది. ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసిందట. పెన్షన్ ఆగిపోతుందని ఎవరో ఫోన్లో బెదిరిస్తే, కంటి ఆపరేషన్‌కి దాచుకున్నదంతా పంపేసింది. ఎవరికీ చెప్పుకోలేక నాలుగు రోజులు అన్నం తినలేదట. ఆవిడ అమ్మడి చెయ్యి పట్టుకుని "నా డబ్బు ముట్టుకోకుండా ఉంచావమ్మా" అంటే, అమ్మడికి ఏడుపు ఆగలేదు. ఆ చివరి మీట మీద తన వేలు ఎంత దూరంలో ఆగిందో ఆమెకి తెలుసు.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఏమీ అనుకోకండి. మీకోసం నేను చాలా వెతుకుతున్నాను. మీరు మా అమ్మాయికి మేనత్త అవుతారు" అని, ఆవిడ తెల్లబోయి చూస్తుండగానే, పుస్తకం తీసి కుడివైపు రాసుకున్నాడు. "మేనత్త: చూశాను."

ఆ మర్నాడు పొద్దున్న అమ్మడు రొట్టె కొనడానికి వెళ్ళేసరికి కొట్టు ముందు నిచ్చెన ఉంది. బోర్డు మీద కొత్త రంగుతో "1950 నుంచి" అని మళ్ళీ వెలిసింది. బాబాయి కింద నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, కిక్కురుమనకుండా చూస్తున్నాడు.

"ఏం మాష్టారూ, చూశారా?" అన్నాడు కొట్టాయన నిచ్చెన మీద నుంచి. "ఇంటర్నెట్లో ఉద్యోగాలిప్పించేవాళ్ళు మా బోర్డుకి వంకలు పెడతారా?"

లోపల మందుల షాపావిడ కూడా రొట్టె కొంటోంది. ఆవిణ్ణి చూసి అమ్మడు గుమ్మంలో ఆగింది. అయినా సంచీ కింద పెట్టింది.

"అంకుల్, ఆయన మోసపోవడం మీరు చూశారా?"

"చూడ్డమేమిటి? ఆయనే చెప్పాడుగా!"

"అయితే అది విన్నది. చూసింది నేను చెబుతాను. ఉద్యోగం తెచ్చుకున్నది నేను. నమ్మింది నేను. డబ్బు పంపబోయింది నేను. ఈయన ఆ మోకాలితో నాలుగు అంతస్తులెక్కి, వచ్చి నా చెయ్యి ఆపాడు." అని, మందుల షాపావిడ వైపు తిరిగింది. "మీకు ముందే చెప్పాల్సింది. రేపట్నించి రావద్దంటే రాను."

మందుల షాపావిడ రొట్టె సంచీలో పెట్టుకుంది. "ఆ రోజే తెలుసమ్మా నాకు. ప్రతిదీ కళ్ళు చించుకుని చూసే మనిషి, కళ్ళు మూసుకుని చెబుతుంటే ఎవరు నమ్ముతారు? తొమ్మిదవుతోంది, పద, షాపు తెరవాలి."

నిచ్చెన మీది మనిషి కిందికి చూశాడు. బాబాయి నెమ్మదిగా చొక్కా జేబులోంచి నోటు పుస్తకం తీస్తున్నాడు.

"ఆగండి మాష్టారూ, ఆగండి!" అన్నాడు కొట్టాయన, రంగు డబ్బాలో కుంచె ముంచుతూ. "మార్చేస్తున్నాను."